యుగాంతంలో ‘మనం’ ఎవరు?

(హనుమకొండలో జర్నలిజం విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, జాగా ఉంది.

ఈ ఊళ్ళో ఏ ఇంట్లో వ్రతం జరిగినా అయ్యగారు ముందు సంకల్పం చెప్పిస్తారు. ‘కలియుగే, ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే’ అని మొదలుపెట్టి, కృష్ణా గోదావరుల నడుమ ఉన్న ఈ నేల దాకా వచ్చి, చివరికి ఈ ఇల్లు, ఈ గోత్రం, ఈ పేరు దగ్గర ఆగుతారు. కాలాన్నీ దేశాన్నీ ఒకే ఊపిరిలో చెప్పే వాక్యం అది. అందులో ‘ప్రథమపాదే’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్ళు. లెక్క మొదలయ్యేది క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18న. గడిచింది 5,100 పైచిలుకు. మొదటి పాదమే 1,08,000 ఏళ్ళు; అందులో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. తనకు 23 ఏళ్ళు వచ్చేసరికి కలిలో 3,600 ఏళ్ళు గడిచాయని ఆర్యభటుడు రాసుకున్నాడు. ఆ సంవత్సరం క్రీస్తుశకం 499 అని మనకు తెలిసింది ఆ మాట వల్లే. గణితం చేసేవాళ్ళకు కలి అంటే లెక్క మొదలుపెట్టడానికి దొరికిన కొస. అది గడువుగా మారింది తర్వాత, వేరే చోట.

టీవీలో వచ్చే యుగాంతం ఈ సంకల్పాన్ని తిరగేస్తుంది. ‘మీరు, మీ పిల్లలు’ అని మొదలై, లోకం మీదుగా తిరిగి, దేశం దగ్గర ఆగుతుంది. అలా ఎందుకు ఆగుతుందో చూడటానికే ఇవాళ కూర్చున్నాం. ప్రళయం కథ రాగానే మనం తేదీ మీద పడతాం, తేదీ తప్పని రుజువు చేస్తాం. ఆ కథలో తేదీ చౌక సరుకు, పోతే ఇంకోటి దొరుకుతుంది. మిగిలేవాళ్ళ జాబితాయే దాని అసలు సరుకు. లోకమంతా పోయినా ఎవరు మిగులుతారు, ఎవరి పుణ్యాన మిగులుతారు అన్నదే కథ నడిచేదారి.

దీన్ని పట్టుకోవడానికి మన భాషలోనే రెండు పనిముట్లున్నాయి. ఒకటి, ‘మనం’, ‘మేము’ వేరువేరుగా ఉండటం. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. చాలా భాషల్లో ఈ తేడా లేదు. రెండోది, మాట చివర చేరే ‘ట’. ‘వానొస్తుంది’ అంటే నా పూచీ. ‘వానొస్తుందట’ అంటే ఎవరో అన్నది మీకు చేరవేశాను, పూచీ నాది కాదు. ఈ రెండూ గుర్తుంచుకుని కొంచెం వెనక్కి వెళ్దాం.

1962 ఫిబ్రవరి. మకరరాశిలో రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులు, వాళ్ళతో కేతువు. అష్టగ్రహ కూటమి అన్నారు, ప్రళయం తప్పదన్నారు. ఫిబ్రవరి 5న సూర్యగ్రహణం కూడా ఉంది. ఆకాశంలో ఇది నిజంగా జరిగిన విషయమే. దేశమంతా యజ్ఞాలు, అఖండ భజనలు. ప్రయాణాలు మానుకున్నారు, పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నారు. అప్పటికి టీవీ అంటే ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైన ప్రయోగం మాత్రమే. ఈ భయమంతా పంచాంగం, పత్రిక, రేడియో మీదే నడిచింది. తేదీ దాటింది, ఏమీ కాలేదు. అదే ఏడు అక్టోబరు 20న చైనా యుద్ధం మొదలైంది. అప్పుడు ‘కూటమి ఫలితం ఇదే’ అన్న వ్యాఖ్యానం వచ్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. లోకానికి రావలసిన ప్రళయం రాకపోతే జోస్యం చచ్చిపోదు. కొలత తగ్గించుకుని దేశం మీద వాలుతుంది. లోకాంతం కాస్తా దేశానికి తగిలిన దెబ్బగా మారుతుంది. టీవీ లేని రోజుల్లోనే ఈ మలుపు తయారైంది. టీవీ దానికి వేగం ఇచ్చింది, బొమ్మ ఇచ్చింది.

1979 జూలైలో వచ్చింది స్కైలాబ్. 1973 మే 14న ఎగిరిన అమెరికా అంతరిక్ష కేంద్రం, బరువు 77 టన్నులు. 1974 ఫిబ్రవరి తర్వాత అందులో మనుషులు లేరు. సూర్యుడి చురుకుదనం పెరిగి పై వాతావరణం ఉబ్బింది, దానితో రాపిడి ఎక్కువైంది, అనుకున్నదానికంటే ముందే జారింది. మన గడియారంలో జూలై 11 రాత్రి పది దాటాక హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలు పడ్డాయి. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో ఆ రోజుల్ని పెద్దలు ఇప్పటికీ చెబుతారు: ఎలాగూ పోతామని కోళ్ళూ మేకలూ కోసుకొని తిన్నారని, ఉన్నదమ్ముకున్నారని. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23నే మొదలైనా, పల్లెకు అప్పటికి రేడియోయే దిక్కు.

ఆ భయాన్ని ఇప్పటి భయాలతో పోల్చకుండా వదలొద్దు. ‘స్కైలాబ్ పడ్తదట’ అన్నారు. ఆ ‘ట’లో నిజాయితీ ఉంది, విన్నమాట అని ఒప్పుకోవడం ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ భయంలో జాబితా లేదు. పడితే దొర గడి మీదైనా పడొచ్చు, కూలివాడి గుడిసె మీదైనా పడొచ్చు. ‘మనం’ అన్నప్పుడు ఊరు ఊరంతా ఉంది. నాసా కూడా లెక్కను అలాగే చెప్పింది: భూమ్మీద ఎక్కడో ఒక మనిషికి తగిలే అవకాశం 152లో ఒకటి అని. ఏ దేశం మనిషో అందులో లేదు.

ఇక 2012. ఆ డిసెంబరుతో మాయా లెక్క నిండి లోకం పోతుందన్నారు. మాయా నాగరికత లెక్కలో 20 రోజులు ఒక వినాల్, 360 రోజులు ఒక తున్, 7,200 రోజులు ఒక కాతున్, 1,44,000 రోజులు ఒక బక్తున్. 13 బక్తున్లు అంటే 18,72,000 రోజులు. క్రీస్తుపూర్వం 3114 ఆగస్టు 11న మొదలుపెడితే 2012 డిసెంబరు 21కి నిండుతాయి. నిండితే మళ్ళీ మొదలు, అంతే. మనకు అక్షయ అయిపోయి 1987 ఉగాదికి ప్రభవ తిరిగి వచ్చినట్టు. మెక్సికోలోని పాలెంకే శాసనంలో క్రీస్తుశకం 4772 నాటి తేదీ కూడా ఉంది. లోకం 2012లో పోతుందనుకున్నవాళ్ళు 4772 సంగతి రాతిలో చెక్కుకోరు కదా.

2009 నవంబరులో ‘2012’ పేరుతోనే వచ్చిన హాలీవుడ్ సినిమా తెలుగులోకీ డబ్ అయ్యింది. అందులో ప్రమాదాన్ని మొదట పసిగట్టేది భారతదేశంలోని గనిలో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త. ఓడలు కట్టేది చైనా కొండల్లో. ఓడలో చోటు ధర మనిషికి వంద కోట్ల యూరోలు. కనిపెట్టిన ఆ శాస్త్రవేత్తను, అతని కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి విమానం రాదు, అలలో పోతారు. కథ పెట్టిన జాబితా అంత స్పష్టంగా ఉంది: తెలివి ఒకరిది, చాకిరి ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. 2003-04లో తెలుగులో 24 గంటల వార్తా ఛానళ్ళు వచ్చాయి. అవి అలవాటైన ప్రేక్షకుడికి 2012 దాకా ఈ తరహా దృశ్యాలే ‘యుగాంతం’ కథనాల వెనక ఆడాయి. కానీ జాబితా గురించిన చర్చ ఎక్కడా జరగలేదు. ‘భారత్ సురక్షితమేనా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగింది.

అమెరికాలో ఈ పని ఇంకా ముందే, పద్ధతిగా జరిగింది. బైబిల్లో యెహెజ్కేలు 38వ అధ్యాయంలో ఉత్తర దిక్కు నుంచి వచ్చే గోగు అనే శత్రువు ఉన్నాడు. ప్రచ్ఛన్న యుద్ధం నడిచినన్నాళ్ళూ టీవీ బోధకులు చాలామందికి గోగు అంటే రష్యాయే. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ పోయింది. వాక్యం అక్కడే ఉంది, శత్రువు మారాడు, ఇరాక్ వచ్చింది, తర్వాత ఇంకొకరు. ఎవరు మారినా దేవుడి పక్షాన నిలబడే దేశం మాత్రం మారలేదు. 1982 ముగిసేలోగా లోకం మీదికి తీర్పు వస్తుందని 1980లో తన కార్యక్రమంలో హామీ ఇచ్చిన టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్, 1988లో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరాడు. తప్పిన జోస్యానికి తెర మీద జరిమానా లేదు.

అదే దేశంలో అదే తెర మీద ఇంకో రకం కూడా వచ్చింది. 1983 నవంబరు 20న ఏబీసీ ఛానల్ ‘ది డే ఆఫ్టర్’ అనే టెలిఫిల్మ్ వేసింది. కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే పట్టణం మీద అణుదాడి జరిగితే ఏమవుతుందో చూపింది. దాదాపు 10 కోట్ల మంది చూశారు. బాంబులు పడిన తర్వాత ఒక్క ప్రకటన కూడా వేయలేదు. అందులో ఎన్నుకోబడ్డ జాతి లేదు, కాపాడే నాయకుడు లేడు. క్షిపణి గోతులు ఊరి పక్కన ఎందుకున్నాయన్న కారణం ఉంది. ప్రళయాన్ని చూపడమే తప్పని నేననను. కారణం చూపిస్తే అది పౌరుడికి పనికొస్తుంది, జాబితా చూపిస్తే జాబితా పెట్టినవాడికి పనికొస్తుంది. తూకం వేయవలసింది ఇక్కడే.

ఇప్పుడు మన తెరకు వద్దాం. ఫ్రెంచి జ్యోతిష్కుడు నోస్ట్రడామస్ పద్యాలు 1555లో మొదట అచ్చయ్యాయి, నాలుగేసి పాదాలవి, శతకాలుగా కూర్చారు. మొదటి శతకంలో 50వ పద్యం: జలత్రయం నుంచి ఒకడు పుడతాడు, గురువారం అతనికి పండుగ. మన దేశంలో దీనికి వ్యాఖ్యానం తయారే: మూడు వైపులా నీళ్ళంటే భారతదేశం, పుట్టేవాడు లోకాన్నేలే భారత నాయకుడు. ‘జలత్రయం’ అన్న ఆ ఫ్రెంచి మాట జ్యోతిషంలో పారిభాషిక పదం. పంచాంగం చూసేవాళ్ళందరికీ అర్థం తెలుసు: కర్కాటకం, వృశ్చికం, మీనం, జలరాశులు మూడు. స్టూడియోలో కూర్చున్న జ్యోతిష్కుడికి తెలిసిన అర్థం ఇది. కానీ తెర మీద రాశిచక్రం వేయరు, దేశపటం వేస్తారు. పటం పడ్డాక ఇంక పద్యంతో పనిలేదు. ఒకవేళ సముద్రాలనే అర్థమే తీసుకున్నా ఇటలీకి సరిపోతుంది, కొరియాకు సరిపోతుంది, అరేబియాకూ సరిపోతుంది. ఈ పరీక్ష ఎప్పుడూ చేయండి: జోస్యంలో మన దేశం పేరు తీసేసి ఇంకో పేరు పెట్టండి. వాక్యం అలాగే నిలబడితే అందులో మన దేశం ఎప్పుడూ లేనట్టే.

2020లో కాలజ్ఞానంలోని ‘కోరంకి’ అన్న జబ్బు పేరును కరోనాకు అతికించారు. 2019 డిసెంబరుకు ముందు ఆ పదానికి అలాంటి అర్థం చెప్పిన వ్యాఖ్యానం ఒక్కటీ తెర మీద చూపలేదు. జరిగాక అతికేది జోస్యం కాదు, అన్వయం. నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటి. పోతులూరి వీరబ్రహ్మం పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే శిష్యుడు సిద్ధయ్య, దూదేకుల కులస్థుడు. కులాన్ని నిలదీసిన సంప్రదాయం అది. అందులోని ‘మనం’ చాలా విశాలమైనది. టీవీ ఆ వైశాల్యాన్ని కోసేసి భయపెట్టే రెండు పాదాలు మాత్రం ఉంచుకుంది.

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాంకాళి బోనాల మర్నాడు జరిగే రంగం కూడా ఇలాగే దెబ్బతింటోంది. పచ్చికుండ మీద నిలబడి అమ్మ మాట చెప్పే ఆ ఘట్టం బస్తీకీ దేవతకూ మధ్య సంభాషణ. పూజారులు అడుగుతారు, అమ్మ అలుగుతుంది, కోరుతుంది, చివరికి ‘నా బిడ్డల్ని నేనే చూసుకుంటా’ అని అభయమిస్తుంది. ప్రత్యక్ష ప్రసారంలో కింద పరుగెత్తే అక్షరాల్లో అలక ‘హెచ్చరిక’ అవుతుంది, బస్తీ ‘రాష్ట్రం’ అవుతుంది, అభయం వచ్చేసరికి బ్రేక్ వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా కట్ చేయకుండా వింటే భయపడేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఛానళ్ళు ఇలా ఎందుకు చేస్తాయంటే డబ్బు లెక్క ఉంది. రేటింగ్ కొలిచే బార్క్ దేశమంతటా 50 వేల పైచిలుకు ఇళ్ళలో మీటర్లు పెట్టి నిమిషాల లెక్కన చూస్తుంది. 2020 అక్టోబరులో వార్తా ఛానళ్ళ రేటింగులు ఆపేశారు, 2022 మార్చిలో నాలుగు వారాల సగటుతో మళ్ళీ మొదలుపెట్టారు. సగటు పెట్టినా కొలిచేది నిమిషాలనే. రిపోర్టర్‌ను ఏటూరునాగారం పంపాలంటే బండి, కెమెరామెన్, రోజంతా పని. ప్రళయం కథనానికి పాత ఫుటేజీ, గ్రాఫిక్స్, ఒక వాయిస్ ఓవర్, నలుగురు అతిథులు చాలు. గంటకు 12 నిమిషాల ప్రకటనల పరిమితి ప్రకారం అరగంటలో 24 నిమిషాలు నింపాలి. మూడు నిమిషాల సమాచారాన్ని అంతసేపు సాగదీయాలంటే ప్రశ్నార్థకమే ఆధారం. ‘ముగింపు మొదలైందా?’ మన పల్లె వాడిన ‘ట’ను తీసేసి దాని చోట ఈ ప్రశ్నార్థకం పెట్టారు. ‘ట’ అంటే పూచీ నాది కాదని ఒప్పుకోవడం, ప్రశ్నార్థకం అంటే పూచీని మీ మీదికి తోసెయ్యడం.

దగ్గరి ఉదాహరణ చూద్దాం. 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కి ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3. హనుమకొండలో, హైదరాబాద్‌లో కూడా తెలిసింది. అంతకు మూడు నెలల ముందు తాడ్వాయి, మేడారం అడవిలో ఈదురుగాలికి వేల చెట్లు కూలాయి. రెండూ సమ్మక్క సారలమ్మల నేల కావడంతో రెంటినీ కలిపి ‘ఏదో జరగబోతోంది’ అన్నారు. చెట్లు కూలింది గాలి వల్ల, నేల కదిలింది లోపలి పగుళ్ళ వల్ల. గోదావరి లోయ కోట్ల ఏళ్ళ కింద నేల చీలి కుంగిన పట్టీ. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది, ఇది అదే పట్టీ. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి 32 రెట్లు. 2004 డిసెంబరు 26 సునామీని తెచ్చిన 9.1 భూకంపంతో పోలిస్తే ములుగుది 5 లక్షల వంతుల్లో ఒక వంతు. ఆ వార్త వెనక సునామీ దృశ్యం వేస్తే చేసిన అబద్ధం ఐదు లక్షల రెట్లన్నమాట. ఆ ఉదయం జనానికి కావలసిన మాట వేరే: గోడకు ఐమూల పగులు వస్తే ఏం చేయాలి, పాత పెంకుటింట్లోకి మళ్ళీ ఎప్పుడు పోవచ్చు, గ్యాస్ సిలిండర్ ఎప్పుడు ఆపేయాలి. ములుగు, భూపాలపల్లి వాళ్ళకు అది చెప్పకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

ఇక మీరు చేయవలసిన పని. ఒక కథనం పూర్తిగా రికార్డు చేయండి. కాగితం మీద ఐదు గడులు గీయండి: సమయం, చెప్పిన మాట, ఎవరన్నారు, వెనక దృశ్యం ఎక్కడిది, ‘మనం’ ఎవరు. ‘అంటున్నారు’ వచ్చిన ప్రతిచోటా మూడో గడి ఖాళీగా వదలండి, నింపొద్దు. దృశ్యం మళ్ళీ వస్తే గీత పెట్టండి. ‘మన’ అన్న మాట దగ్గర మాత్రం ఓపికగా ఉండాలి. మొదటి భాగంలో అది ‘మనుషులమంతా’, రెండో బ్రేక్ తర్వాత ‘మన దేశం’, చివరికి ‘మన ధర్మం పాటించేవాళ్ళు’. అది ఇరుకైన నిమిషం రాయండి. ఏ మతం ఛానలైనా, ఏ భాషదైనా ఇదే కొలత వాడండి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి పెడితే మీ కాగితానికి విలువ లేదు.

ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. తొందరపడి తేదీని ఖండిస్తారు. స్టూడియోలో నాలుగో కిటికీలో కూర్చున్న హేతువాది చేసేదదే. గట్టిగా అరుస్తాడు, చర్చ రక్తి కడుతుంది, నిమిషాలు పెరుగుతాయి. పిలిస్తే వెళ్ళండి, కానీ ‘ఎవరు మిగులుతారంటున్నారు, ఎందుకు?’ అని ఒక్కటే అడగండి. జవాబు గట్టిగా చెప్పించండి.

(సభలో అడిగిన రెండు ప్రశ్నలు)

ప్రశ్న: సార్, ఇంట్లో నాయనమ్మ గ్రహణం నాడు టీవీ చూసి భయపడుతుంది. ఏం చెప్పాలె?

నవ్వొద్దు, ముందు అది. గ్రహణం నాడు పళ్ళెంలో రోకలి నిటారుగా నిలబడిందని తెర మీద చూపిస్తారు. గ్రహణం లేని మంగళవారం పొద్దున ఆమె చేతే నిలబెట్టించండి. అడుగు చదునుగా ఉండాలి. పొన్ను, అంటే రోకలి కొసనున్న ఇనప కట్టు, అరిగి వంకరగా ఉంటే నిలబడదు, అప్పుడు ఇసుక కాగితంతో సరిచేయండి. పళ్ళెం కదలని చోట పెట్టండి. రెండు చేతులతో పట్టుకుని, బరువు మధ్యకు వచ్చిందనిపించాక మెల్లగా వదలాలి. నాలుగైదు సార్లు పడుతుంది, విసుక్కోవద్దు. నిలబెట్టింది ఆమె కాబట్టి పక్కింటికి చెప్పేదీ ఆమే అవుతుంది.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే ఏమన్నా అవుతుందా?

కేబుల్ టీవీ నిబంధనల్లో ఆరో నిబంధన మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమం వేయకూడదని చెబుతుంది. 2021 జూన్ సవరణ తర్వాత ముందు ఛానల్‌కే రాయాలి. 24 గంటల్లో ముట్టినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా ఆ ఛానల్ చేరిన స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు, ఆ పైన కేంద్ర ప్రభుత్వ స్థాయి. ఛానళ్ళు ప్రసారాన్ని 90 రోజులు దాచి ఉంచాలి కాబట్టి ఆలస్యం చేయకండి. ఫిర్యాదు వీగిపోయేది ఎక్కువగా ఒకే కారణంతో: ‘మూఢనమ్మకాలు పెంచుతున్నారు’ అని మొత్తంగా రాస్తారు. ఏ తేదీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఏ మాట అన్నారో అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఒక ఫిర్యాదులో ఒకే మాట పెట్టండి. ఐదు గడుల కాగితం నకలు జతచేయండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.